వంటగ్యాసు వజ్రాలు, ఎనిమిది లక్షల అడ్వాన్సు

ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అంబాజీపేట కొబ్బరి రేట్ల కోసం పెట్టుకున్న గ్రూపులోనూ వచ్చింది. వచ్చిన ప్రతిచోటా కింద ఒకటే ప్రశ్న: "ఏమండీ, మీరు చదివింది ఇదే కదా, నిజమేనా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది. ఇకమీదట ఆ మెసేజ్ కనపడితే దాని కింద దీన్ని పడేయండి.

చూడనివాళ్లకు క్లుప్తంగా: కోహినూరు మన గోదావరి డెల్టాలో దొరికిందట. ఇప్పుడు వంటగ్యాసుతో, పెద్ద ఒత్తిడేమీ లేకుండా, ఇంట్లోనే వజ్రం తయారవుతుందట. సిలికాన్ పని అయిపోయిందట, ఇక అన్నీ వజ్రపు చిప్పులేనట. బ్లేడ్లకు వేసే డీఎల్‌సీ (డైమండ్ లైక్ కార్బన్, అంటే వజ్రంలాంటి కార్బన్) పూత కూడా అచ్చమైన వజ్రమేనట. కేంద్రం 242 కోట్లు ఇచ్చిందట. మనం చేయాల్సిందల్లా ఎనిమిది లక్షలు అడ్వాన్సు కట్టి, ఒక గది ఖాళీ చేసి మెషీన్ పెట్టించుకోవడమే. పండిన వజ్రాలు వాళ్లే కొంటారు.

కోహినూరును కొల్లూరు గనులతో ముడిపెడతారు. కొల్లూరు కృష్ణ ఒడ్డున ఉంది. అయిపోయింది, పదండి.

వంటగ్యాసు సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. వజ్రపు పొరలకు వాడేది మామూలుగా మిథేన్. అది సహజవాయువుగా మన కాళ్ల కిందే ఉంది, కాదనను. కానీ మెషీన్ ఛాంబర్లోకి పంపేదాంట్లో మిథేన్ నూటికి ఒకటి నుంచి అయిదు పాళ్లే, తక్కినదంతా హైడ్రోజన్. మైక్రోవేవ్ తగిలి ప్లాస్మా (విద్యుదావేశంతో వెలిగే వాయువు) అయ్యాక హైడ్రోజన్ విడి పరమాణువులవుతుంది. 800 డిగ్రీల చుట్టుపక్కల వేడి మీదున్న పలక మీద కార్బన్ పేరుకుంటుంటే, గ్రాఫైట్‌గా కుదిరినదాన్ని ఆ పరమాణువులు తినేస్తాయి, వజ్రంగా కుదిరినదాన్ని దాదాపు ముట్టుకోవు. కష్టమంతా హైడ్రోజన్‌ది, పేరేమో గ్యాసుది.

ఒత్తిడి సంగతి మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు చేసిన పద్ధతికి వాతావరణ పీడనానికి ఏభై వేల రెట్లకు పైగా కావాలి. ఈ గ్యాసు పద్ధతిలో ఛాంబరు లోపల ఉండేది బయటి గాలి కన్నా తక్కువ పీడనం. 1980ల మొదట్లోనే మత్సుమోతో, సెతాక బృందం జపాన్‌లో దీన్ని పని చేయించి చూపించింది. మైక్రోవేవ్ కూడా చాలా యంత్రాల్లో 2.45 గిగాహెర్ట్జే, వంటింటి ఓవెన్లో ఉండేదే. ఈ నిజాలు చూసే మనవాళ్లు బుట్టలో పడుతున్నారు.

సిలికాన్ పనేమీ అయిపోలేదు. వజ్రం వేడిని రాగి కన్నా అయిదింతలు బాగా మోస్తుంది. అందుకే లేజర్ల కింద, రేడియో తరంగాల ట్రాన్సిస్టర్ల కింద వేడి లాగడానికి వేస్తున్నారు. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో కణాల డిటెక్టర్లకూ వాడారు. చిప్పు దగ్గరికొచ్చేసరికి కథ వేరు. చిప్పుకు రెండు రకాల వాహకత కావాలి. బోరాన్ కలిపితే ఒక రకం ఎలాగో వస్తుంది. రెండో రకానికి ఫాస్ఫరస్ కలిపితే, మామూలు వేడిలో దాని ఎలక్ట్రాన్లు దాదాపు బయటికే రావు. పెద్ద పలకలుగా ఒకే స్ఫటికం పెంచడం ఇంకో తలనొప్పి. ల్యాబుల్లో ట్రాన్సిస్టర్లు చేశారు, నిజమే. మీ ఫోన్లో ఉన్నవి మాత్రం సిలికాన్‌వే.

డీఎల్‌సీ వజ్రం కాదు. స్ఫటికమే లేని కార్బన్, అందులో కొన్ని బంధాలు వజ్రంలోలా, కొన్ని గ్రాఫైట్‌లోలా, చాలా రకాల్లో హైడ్రోజన్ కూడా. గట్టిది, నున్ననిది. హార్డ్‌డిస్క్ మీద కొన్ని నానోమీటర్ల మందాన కూర్చుని అది చేసే సేవ తక్కువేం కాదు. కానీ వేడి మోయడంలో వజ్రానికి 2000 అంకె వస్తే దీనికి ఒకట్ల స్థానం దాటడమే గగనం. మందంగా వేస్తే నిలవదు కూడా. ల్యాబులో పూత వేసిన సిలికాన్ ముక్క బయటికి తీసి గాలి తగలనిస్తే, చూస్తుండగానే పూత మెలికలు మెలికలుగా లేచి, పటుక్కున రాలిపోయేది. పూత లోపలి ఒత్తిడి అలాంటిది. అన్నట్టు, అసలైన వజ్రపు పొర కూడా పెరిగినప్పుడు మెరవదు, బూడిదరంగు గరుకు కాగితంలా ఉంటుంది.

ఇక అసలు గొడవ, ఆ గది.

242 కోట్లు నిజంగానే 2023 బడ్జెట్ తర్వాత మంజూరయ్యాయి. ఎవరికి? ఐఐటీ మద్రాసుకు, అయిదేళ్ల పరిశోధనకు. మీ పెరటి గదికి అందులో పైసా లేదు. ఆ ముక్క మెసేజ్‌లో ఎందుకు పెట్టారో వేరే చెప్పాలా?

నగకు పనికొచ్చే వజ్రం పెరగాలంటే అడుగున విత్తనంగా ఇంకో వజ్రపు పలక ఉండాలి. అదెవరిస్తారో మెసేజ్‌లో లేదు. గంటకు 10 మైక్రాన్లు పెరుగుతుందనుకున్నా ఒక మిల్లీమీటరుకు 100 గంటలు, ఆగకుండా. మధ్యలో కరెంటు పోతే ప్లాస్మా ఆరిపోతుంది, ఒక్కసారిగా చల్లారి స్ఫటికం పగలొచ్చు. తుపాను గాలికి మన లైన్లు ఎన్నాళ్లు పడుకుంటాయో తెలియనివాళ్లున్నారా? జనరేటరు, నీళ్లు చల్లబరిచే చిల్లరు, పంపులు, గ్యాసు శుద్ధి సామాను, ఇవన్నీ ఎనిమిది లక్షల్లోనే! ఆషాఢం తగ్గింపు కాబోలు.

హైడ్రోజన్ సిలిండరు ఎక్కడ పెడతారు బాబూ, మంచం కిందా? గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. మంట పగటిపూట కనపడదు, వాసన రాదు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ మంట రెండు నెలలు దాటి చూసినవాళ్లం, 2014లో నగరం ఊళ్లో గ్యాసు పైపులైను పేలడం చూసినవాళ్లం. అలాంటి మనకి ఇంట్లో వెంటిలేటరు లేని గది అడుగుతున్నారు, "దుమ్ము పడకూడదు" కాబట్టి.

తిరిగి కొంటామన్న మాట మరీ ముచ్చట. ఈము పక్షులప్పుడూ ఇదే పాట: పిల్లలు మేమే ఇస్తాం, గుడ్లు మేమే కొంటాం. ఆ షెడ్లు ఏమయ్యాయో ఊరూరా తెలుసు. ల్యాబు వజ్రం ధర ఏటేటా పడిపోతుంటే, పాత రేటుకు మీ దగ్గర కొనే ధర్మాత్ముడెవరండీ? కువైట్‌లో వంటచేసి పంపిన డబ్బు మీద కన్నేసినవాడు తప్ప.

కట్టాలనే అనిపిస్తే ముందు వాళ్లను నాలుగు అడగండి: విత్తనం ఎవరిది, యంత్రం ఎన్ని కిలోవాట్లు, హైడ్రోజన్ నిల్వకు అనుమతి ఎవరి పేరు మీద, కొనుగోలు ధర ఒప్పందంలో అంకెల్లో ఉందా. జవాబు వాయిస్ మెసేజ్ వద్దు, కాగితం మీద సంతకంతో తీసుకోండి.