ఆంప్‌ని డిక్కీలోకి మార్చాలంటే వైరు అతికిస్తే చాలదు

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘కారు ముందు సీటు కింద ఉన్న స్పీకర్ల ఆంప్లిఫయర్‌ని (ఆంప్) డిక్కీలోకి మీరే మార్చుకోండి. పాత వైరుకి ఇంకో ముక్క కలిపి టేపు చుట్టండి, ఎర్తు ఏ బోల్టుకైనా బిగించండి, ఆంప్‌కి ఫ్యూజు ఎలాగూ ఉంది, వైర్లన్నీ ఒకే పక్క నుంచి లాగేయండి, అరగంట పని’ అని. సొంతంగా చేసుకోవడం మీద నాకు పేచీ లేదు, ఓపికుంటే ఎవరైనా చేసుకోవచ్చు. వానల్లో చెప్పుల తడి కార్పెట్‌లోకి దిగి సీటు కింద ఆంప్ పాడవుతుంది కాబట్టి చోటు మార్చడం మంచిదే. కానీ వీళ్లు చెప్పిన పద్ధతిలో చేస్తే బండి తగలబడొచ్చు.

‘ఆంప్‌కి ఫ్యూజు ఉంది కదా’ అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. ఆంప్ మీది ఫ్యూజు ఆంప్‌నే కాపాడుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఉండే ఐదు మీటర్ల వైరుకి అది అడ్డు రాదు. ఆ వైరు ఇంజిన్ వెనక రేకు కన్నంలోంచి దూరి, సీటు పట్టాల పక్కనుంచి పోతుంది. ఎక్కడో తొడుగు ఒరిసిపోయి రాగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు అందులోకి వదిలేస్తుంది. ఆ కరెంటు ఆంప్ దాకా పోనే పోదు, ఇక అక్కడి ఫ్యూజు ఎందుకు కొట్టేస్తుంది? మేడ మీది ట్యాంకు పైపు మధ్యలో పగిలితే కింద కుళాయి కట్టేసి లాభం లేదు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. దాని సైజు వైరు మోయగలిగిన దానికి మించకూడదు. రేకు కన్నంలో రబ్బరు గ్రోమెట్ (అంచు వైరుని కొయ్యకుండా తొడిగే రింగు) తప్పనిసరి. పాత ఫిట్టింగులో ఈ మెయిన్ ఫ్యూజు ఉందో లేదో ముందు బానెట్ ఎత్తి చూసుకోండి.

ఇక ముక్క అతికించడం. 600 వాట్ల ఆంప్, 80 శాతం సామర్థ్యం అనుకుంటే, ఇంజిన్ నడుస్తుండగా 13.8 వోల్టుల దగ్గర బేస్ కొట్టినప్పుడల్లా సుమారు 54 ఆంపియర్లు లాగుతుంది. 8 గేజ్ రాగి వైరు (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు) నిరోధం మీటరుకి సుమారు 2 మిల్లీ ఓములు. ఐదు మీటర్లకి అర వోల్టు పైనే వైరులో పోతుంది. అదే 4 గేజ్ అయితే పావు వోల్టు లోపే. సీటు కిందకి సరిపోయిన వైరు డిక్కీకి చాలకపోవడానికి కారణం ఈ పొడవే. పైగా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కుదుపులకి వదులై వేడెక్కుతుంది, ఆ వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. బ్యాటరీ నుంచి ఒకటే వైరు కొత్తగా లాగండి. చవక కిట్లలో వచ్చేది చాలాసార్లు రాగి పూత వేసిన అల్యూమినియం. కొనేముందు చివర గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు.

ఎర్తు విషయంలో మన సముద్రం ఒడ్డు వాళ్లకి ఇంకో తిప్పలుంది. కళింగపట్నం వైపు తిరిగే ఒక బండిలో ఎర్తు బోల్టు విప్పితే లగ్ (వైరు చివర ఉండే లోహపు రింగు) చుట్టూ పచ్చటి చిలుము పొరలా కట్టి ఉంది, దాని కింద పెయింటు చెక్కుచెదరలేదు. అంటే బోల్టు మరల అంచుల్లోంచి తప్ప కరెంటుకి దారే లేదన్నమాట. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, లగ్ బిగించి, పైన గ్రీజు రాయండి. ఎర్తు వైరు కూడా పవర్ వైరంత లావు ఉండాలి, పొడవు అర మీటరు దాటకూడదు. సీటు బెల్టు బోల్టు మాత్రం ముట్టుకోవద్దు, ప్రాణం కాపాడే బోల్టు అది.

వైర్లన్నీ ఒకే పక్క వద్దు. పవర్ ఒక పక్క, ఆర్‌సీఏ (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే వైర్లు) రెండో పక్క. లేకపోతే ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతుంది. ఎర్తు బాగోకపోయినా ఇదే కూత వస్తుంది, కాబట్టి ముందు దాన్ని చూడండి.

మెసేజ్‌లో అసలు రాయని సంగతులు రెండు. ముందు సీటు కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, లాగొద్దు. పని మొదలుపెట్టే ముందే బ్యాటరీ మైనస్ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. రెండోది, చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. నేల మీద డ్రిల్లు పెట్టేముందు బండి కిందకి దూరి చూడాలి. ఆంప్‌ని రేకుకి కాకుండా ప్లైవుడ్ పలక మీద బిగిస్తే ఆ కన్నాలు చాలావరకు తప్పుతాయి.

ఇవన్నీ అరగంటలో అవ్వవు, ఒక ఆదివారం పెట్టుకోండి. అయ్యాక పావుగంట గట్టిగా పాటలు పెట్టి ఫ్యూజు హోల్డరు, వైరు, ఎర్తు లగ్ చేత్తో తాకి చూడండి. ఎక్కడ వేడి తగిలితే అక్కడ విప్పి మళ్లీ బిగించండి.