తొమ్మిది అంగుళాల శాంతి ఒప్పందం

ఇరుగుపొరుగు తగువులు తీర్చడం నగరపాలక సంస్థల వల్ల కాదనేవాళ్ళు ఒకసారి బెంగళూరు వచ్చి మా వీధి చూడాలి. మూడేళ్ళుగా రెండిళ్ళ మధ్య నడుస్తున్న యుద్ధాన్ని ఇక్కడ ఒక కొలత టేపు ఇరవై నిమిషాల్లో ముగించింది.

యుద్ధం తొమ్మిది అంగుళాల గోడ గురించి. కడప ఆయనవీ నెల్లూరు ఆయనవీ పక్కపక్కనే థర్టీ-ఫార్టీ సైట్లు. అంటే 1200 చదరపు అడుగులు. ఊళ్ళో ఆ కాస్త జాగాలో గడ్డివామి వేసుకుంటాం. ఇక్కడ మూడంతస్తులు లేపి, కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చి, పైన వాటర్ ట్యాంకు, దాని పక్కనే తులసికోట కూడా పెట్టుకుంటాం. మధ్య గోడ మొత్తం తన జాగాలోనే ఉందని కడప ఆయన, సగం తనదని నెల్లూరు ఆయన. ఆపైన సజ్జా గొడవ. వాన పడితే కడప ఆయన సజ్జా నీళ్ళు నెల్లూరు వారి వంటింటి కిటికీలోంచి లోపలికి. ఒకరోజు ఏకంగా పప్పులో పడ్డాయట. ఆ గిన్నె ఫోటో వీధి వాట్సాప్ గ్రూపులో అందరం చూశాం. పడింది వాన నీళ్ళేనా, పప్పే పలచగా కాచారా అన్నది మాత్రం ఎంత జూమ్ చేసినా తేలలేదు.

ఇలాంటివి చెప్పుకోవాల్సింది కార్పొరేటర్‌తో. ఈ విషయంలో బెంగళూరు ముందుచూపే వేరు. 2015లో 198 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2020 సెప్టెంబరులో ఆ కౌన్సిల్ గడువు తీరింది. మళ్ళీ ఓటర్లను ఎండలో నిలబెట్టడం ఎందుకని కాబోలు, ఎన్నికలు పక్కనపెట్టి వార్డులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఓసారి 243 వచ్చాయి, ఓసారి 225, చివరికి 369. ఈలోగా 2025 సెప్టెంబరు 2న ఒక్క కార్పొరేషన్ కాస్తా ఐదయింది. ఐదూ పుట్టిన నాటికి వాటిలో ఎన్నికైన కార్పొరేటర్ ఒక్కరూ లేరు. పక్షపాతం లేని పెద్దమనిషి కావాలంటే ఇంతకన్నా ఏ ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది? లేని మనిషిది ఏ కులమని ఆరా తీస్తాం? ఎవరింట్లో పెళ్ళి భోజనం చేశాడని నిలదీస్తాం?

కాబట్టి ఇద్దరూ వార్డు ఆఫీసుకే వెళ్ళారు, వేర్వేరు ఆటోల్లో. మన ఊళ్ళల్లో దయ్యం రాకుండా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు గుర్తుందా? కన్నడంలో దాన్ని ‘నాళె బా’ అంటారు. ఆఫీసువాళ్ళు మర్యాదస్తులు గనక ‘నాళె బన్ని’ అన్నారు, రేపు దయచేయండని. దయ్యానికి విసుగొస్తుందేమోగాని కడప, నెల్లూరు మనుషులకి రాదు. పదకొండోసారి విచారణ జరిగింది.

అధికారి గోడ గురించి అడగలేదు, పప్పు గురించీ అడగలేదు. “మీది ఏ ఖాతానా, బి ఖాతానా?” అన్నారు. ఊళ్ళో ఖాతా అంటే కిరాణా కొట్లో అప్పు. ఇక్కడ అది ఇంటి కులగోత్రం: కాగితాలన్నీ సక్రమంగా ఉంటే ఏ, ఏదైనా లోటుంటే బి. నిజానికి అది పన్ను లెక్కల కాగితమే, హక్కు పత్రం కాదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. అయినా కడప ఆయన “ఏ ఖాతా సార్” అన్నప్పుడు ఆ గొంతులో పలికిన ధీమా, కొడుకు ఐఐటీ ర్యాంకు చెప్పినప్పుడు కూడా నేను వినలేదు. నెల్లూరు ఆయన “బి” అని ఎంత మెల్లగా అన్నాడంటే, గుమాస్తా రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

గోడ ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు, మేం చూసేది ప్లాన్ ప్రకారం కట్టారా లేదా అన్నదే అని అధికారి సెలవిచ్చారు. అంతే, ఇద్దరి కళ్ళూ మెరిశాయి. పక్కవాడు ప్లాన్ మీరాడని ఇద్దరూ అక్కడే, ఒకే పెన్నుతో, చెరో ఫిర్యాదు రాసిచ్చారు.

వారం తిరక్కుండా ఇంజినీరు గారు టేపుతో వచ్చారు. ప్లాన్‌లో ఉన్న సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా కోసం రెండిళ్ళ మధ్య వెతికితే, ఒక పగిలిన బకెట్టూ, క్రికెట్ బంతీ దొరికాయి, సెట్‌బ్యాక్ దొరకలేదు. పై అంతస్తు రెండు ప్లాన్లలోనూ లేదు. ఇద్దరికీ ఒకే రోజు నోటీసులు.

ఆ సాయంత్రం ఇద్దరూ కడప ఆయన మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

“అన్నా, అక్రమ-సక్రమ మళ్ళీ తెరుస్తారంటావా?”

“దానికి 2017లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది కదన్నా.”

అనుమతి లేని కట్టడానికి జరిమానా కట్టించుకుని సక్రమం చేసే ఇలాంటి స్కీములకు మన దగ్గర బీపీఎస్ అని పొడి అక్షరాలు తగిలించి తప్పించుకున్నాం. కన్నడిగులు నిజాయితీపరులు, పేరులోనే అక్రమం అని ఒప్పుకున్నారు. ఏమైతేనేం, ఇప్పుడు ఇద్దరికీ లాయరు ఒకడే, ఫీజు చెరి సగం. సజ్జాకి పైపు బిగించారు. పప్పు చిక్కబడింది.

ఇంత గొప్ప మధ్యవర్తిత్వం చేసిన మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదని ఆ రోజు నేనే ఎదురెళ్ళి అభినందించాను. ఆయన టేపు చుట్టుకుంటూ తలెత్తి, రోడ్డు మీదికి అడుగున్నర వాలిన మా బాల్కనీని కాసేపు చూశారు.

“కాఫీ తాగుతారా సార్?” అన్నాను.