బీరువాను నమ్ముకుని ఊరికి పోవద్దు

ఎండాకాలం వచ్చిందంటే కడపలో దొంగలకు పండగే. రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కుతుంటాయి. పిల్లాజెల్లాతో మిద్దె ఎక్కి పడుకుంటాం. కింద తలవాకిలికి బీగం వేసి, బీగంచెవి దిండు కింద పెట్టుకుంటే ఇక భయం లేదనుకుంటాం. టేబుల్ ఫ్యాన్ హోరులో నిద్రపోయేవాళ్లకు కింద పెరటి తలుపు ఊడినా వినపడదు. తెల్లారి దిగి చూస్తే బీరువా తెరిచి ఉంటుంది, చీరలన్నీ నేల మీద ఉంటాయి. ప్రతి ఏడాదీ ఇవే వార్తలు, ప్రతి ఏడాదీ అదే ‘అయ్యో పాపం’. మన ఇంటి దాకా వస్తే తప్ప కదలం. నా కోపమంతా దీని మీదే.

దొంగకు కావాల్సింది రెండే. ఇంట్లో ఎవరూ లేరని తెలియాలి, సొమ్ములు ఎక్కడున్నాయో తెలియాలి. రెండూ మనమే చెప్తున్నాం.

తిరుమలకు బయల్దేరితే కారు రాజంపేట దాటకముందే స్టేటస్‌లో ఫోటో పెడతాం. అవ్వతో సహా అందరూ అందులో ఉంటారు. ఇంటికి కాపలాగా ముసలామె కూడా లేదని ఊరంతటికీ తెలిసిపోతుంది. ఒంటిమిట్ట కల్యాణమైతే మరీను. మిగతా చోట్ల రాములవారి పెళ్లి నవమి నాడు పగటిపూట చేస్తే, అక్కడ పున్నమి రాత్రి చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటిల్లిపాదీ కదిలిపోతారు. పోవాలి కూడా, కాదనను. కానీ పక్కింటామెకు ‘రాత్రికి మేం ఉండమక్కా, ఇంటి దిక్కు కాస్త చూస్తా ఉండు’ అని చెప్పడానికి మాత్రం నామోషీ. ఫోన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పడానికి లేని నామోషీ ఆ అక్క దగ్గర ఎందుకు? గేటు దగ్గర పడిన పేపర్లు తీసేదీ, వాకిట్లో నీళ్లు చల్లి నాలుగు గీతల ముగ్గేసేదీ ఆమే. మూడు రోజులు ముగ్గు పడని వాకిలి చూస్తే ఆ ఇంట్లో మనుషులు లేరని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

ఇక తలుపులు. గృహప్రవేశానికి తలవాకిలి టేకుతో, చెక్కడాలతో, అప్పు చేసైనా చేయిస్తాం. పెరటి తలుపు మాత్రం సన్నటి ప్లైవుడ్, దానికో అల్యూమినియం గడియ. దొంగ వచ్చేది అక్కడి నుంచే. ముందువైపు బీగం ఎంత పెద్దదైనా అది వేలాడేది గొళ్లేనికి. ఆ గొళ్లేన్ని చెక్కకు పట్టి ఉంచేది నాలుగు చిన్న స్క్రూలు. సందులో ఇనుప రాడ్ దూర్చి బలంగా ఎత్తితే స్క్రూలు చెక్క పెచ్చుతో సహా ఊడివస్తాయి. బీగం మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది. తలుపులోనే ఇమిడిపోయే తాళమైతే ఆ పని అంత సులువు కాదు, పైగా ఇంటికి బీగం వేసుందని వీధిలోకి కనపడదు. పెరటి తలుపుకు లోపలివైపు అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేయించండి. మిద్దె మీద పడుకునేటప్పుడు ఒక్కరైనా కింద పడుకోండి.

బీరువా బట్టలు పెట్టుకునేది. అది రేకు. లోపల లాకర్ అంటామే, అదీ రేకే. చాలా ఇళ్లలో దాన్ని పగలగొట్టే అవసరం కూడా రాదు. దాని బీగంచెవి పైఅరలో పట్టుచీరల మధ్యనో, దేవుని గూట్లోనో, బియ్యం డబ్బాలోనో ఉంటుంది. ఈ చోట్లన్నీ దొంగలకు కొట్టినపిండి. తులం లక్ష దాటిన ఈ రోజుల్లో, ప్రొద్దుటూరు పోయి ఏరికోరి కొన్న హారాన్ని రేకు అరలో పెట్టి ఊరికి పోవడమేంది?

బ్యాంకు లాకర్ అంటే ‘అక్కడ పోతే ఎవరిస్తారు’ అంటారు. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, ఉద్యోగి మోసం వల్ల పోతే ఏడాది అద్దెకు 100 రెట్లు బ్యాంకు కట్టాలి. అద్దె 2,000 అయితే 2 లక్షలు. మన సొమ్ముకు అది చాలదు, నిజమే. కానీ లాకర్ తెరిచిన రోజే మనకు మెసేజ్ రావాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. ఇంట్లో బీరువాకు ఈ మాత్రం పూచీ ఎవరిస్తారు?

సొమ్ముల లెక్క కూడా రాసిపెట్టుకోం. ‘ఏడెనిమిది తులాలుంటాయి సార్’ అంటే పోలీసులు వెతికేదెట్లా? దొరికినా కోర్టులో ఇది మాదేనని చూపించేదెట్లా? 2023 ఏప్రిల్ నుంచి అమ్మే హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరింటితో హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు, ఏ నగకు ఆ నగకే వేరుగా, ఉంటుంది. దాన్ని రాసుకోండి. అవ్వల కాలం నగలకు అది ఉండదు. వాటిని తూకం వేయించి, కొక్కెం, అతుకు, రాళ్లు కనపడేలా దగ్గర్నుంచి ఫోటో తీసి, వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో కూతురికో పంపి పెట్టండి.

ఇంకొక మాట కడుపు మండి చెప్తున్నా. మా వీధిలో ఒకరింట్లో సొమ్ము పోతే ముందు గిన్నెలు తోమే ఆమెనే అనుమానించారు. పొద్దున స్టేషన్లో కూర్చోబెడితే చీకటి పడ్డాక పంపారు. కొన్ని నెలలకు ఎక్కడిదో ముఠా దొరికింది. ఆమెకు ఒక్కరూ ‘తప్పయిందమ్మా’ అనలేదు. మా వీధిలో ఆమె మళ్లీ పనికి రాలేదు. ఆ ఇంటి పెరటి గడియ ఊడి ఎన్నాళ్లో అయింది, ఇంట్లోవాళ్లందరికీ తెలుసు. దాన్ని బిగించుకోని వాళ్లను అడిగినవారు లేరు.

ఊరికి పోయేవాళ్ల కోసం మన రాష్ట్ర పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే బీగం వేసిన ఇళ్ల మీద నిఘా) అని ఒక యాప్ ఉంది. పోయే తేదీలు అందులో పెడితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా అమరుస్తారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. మనకు పైసా ఖర్చు లేదు. మీ స్టేషన్‌కు పోయి కెమెరాలు ఇస్తున్నారా అని అడగండి. లేవంటే కాలనీలో పదిమందిని వెంటబెట్టుకుని మళ్లీ పోండి, ఎందుకు లేవో, ఎప్పుడొస్తాయో అడిగి రాయించుకుని రండి.