గుర్రాల పుంత

(ఇంగ్లండు ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజిక్ ఊరు. కొడుకూ కోడలూ పొద్దున్నే సైకిళ్ళు కారు వెనక బిగించుకుని విన్‌లాటర్ అడవికి పోయారు. కాటేజీలో మిగిలింది తణుకు నుంచి వచ్చిన పరంధామయ్య, సావిత్రి. ఆయన రిటైరైన మండల సర్వేయరు. కొడుకు మ్యాపు దొరికేసరికి మనిషి మళ్ళీ డ్యూటీలో చేరిపోయాడు. బల్ల నిండా మ్యాపే. కాఫీ గ్లాసు బల్ల అంచున, పడటానికి సిద్ధంగా ఉంది.)

సావిత్రి: ఏమండీ, పదకొండింటికి సైకిళ్ళ షాపులో ఉండాలి. మనిద్దరికీ కోడలు బుక్ చేసి వెళ్ళింది.

పరంధామయ్య: ఉండు. నాలుగు సెంటీమీటర్లకి కిలోమీటరు. ఆహా, ఏం స్కేలు! గోడలు కూడా గీశాడే! మన ఎఫ్.ఎం.బి., అదే పొలం కొలతల పుస్తకాల్లో సరిహద్దు రాయి చూపిస్తే అదే గొప్ప.

సావిత్రి: గోడలు కిటికీలోంచి కూడా కనిపిస్తున్నాయి. లేచి చూడండి.

పరంధామయ్య: కిటికీలో స్కేలుండదు. ఇలా రా. ఈ ఆకుపచ్చ తెగిన గీతలు చూశావా? పొట్టి గీతలైతే కాలిబాట, సైకిలు తొక్కే హక్కు లేదు. పొడుగు గీతలైతే గుర్రాల పుంత. అందులో మనం దర్జాగా పోవచ్చు. 1968లో పార్లమెంటులో చట్టమే చేశారు.

సావిత్రి: గుర్రాల దారిలో మనకేం పని?

పరంధామయ్య: అదే హక్కంటే! కాకపోతే గుర్రం మీద వచ్చేవాళ్ళకీ, నడిచివచ్చేవాళ్ళకీ సైకిలువాడే దారివ్వాలి. పైగా సైకిళ్ళ కోసం దారి బాగుచెయ్యాల్సిన బాధ్యత ఎవరికీ లేదని అదే చట్టంలో రాసుకున్నారు.

సావిత్రి: అంటే పోవచ్చు, పడితే అడక్కూడదు. దీనికి పార్లమెంటు ఎందుకు, మన పంచాయతీ చాలదూ? సరేగానీ, గొర్రెలొస్తే?

పరంధామయ్య: గొర్రెల గురించి చట్టంలో లేదు.

సావిత్రి: నిన్న దారి మధ్యలో నిలబడ్డ గొర్రెకి ఆ సంగతి చెప్పాల్సింది. మీరు హారన్ కొట్టమన్నా అది కదల్లేదు.

పరంధామయ్య: హెర్డ్విక్ జాతి. ఈ కొండలు వాటివే. పుట్టినప్పుడు నల్లగా ఉండి, వయసు పెరిగేకొద్దీ నెరుస్తాయట.

సావిత్రి: మీలాగా.

పరంధామయ్య: నాకు జుట్టెక్కడిదే?

సావిత్రి: అదే అంటున్నా. వాటికి నెరిసినా మిగిలింది.

(ఆయన విననట్టు నటించాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో బాగా సాన పట్టిన విద్య అది.)

పరంధామయ్య: నిర్ణయించేశాను. ఇదిగో, స్కిడ్డా కొండ. ఎత్తు 931 మీటర్లు. పైదాకా గుర్రాల పుంతే. మనవాడి స్నేహితులు ఎక్కి, శిఖరం మీంచి ఊళ్ళోకి ఒక్క బిగిన దిగుతారట.

సావిత్రి: ఈ గోధుమరంగు గీతలేంటి, ఇక్కడ ఒకదానిమీద ఒకటి పడున్నాయి?

పరంధామయ్య: కాంటూర్లు. గీత గీతకీ పది మీటర్లు ఎత్తు.

సావిత్రి: మన ఇంటి దగ్గర్నుంచి శిఖరం దాకా ఎన్ని?

పరంధామయ్య: (వేలితో లెక్కపెట్టి, గొంతు తగ్గించి) ఎనభై పైచిలుకు.

సావిత్రి: అలిపిరి మెట్లమీద గాలిగోపురం దగ్గర కూలబడి, ‘స్వామి ఇక్కడ కూడా ఉంటాడు’ అన్నదెవరు?

పరంధామయ్య: అప్పుడు సైకిలు లేదు కదా!

సావిత్రి: ఇప్పుడుంటే మాత్రం? తొక్కలేని చోట సైకిల్ని భుజాన వేసుకుని ఎక్కుతారని మీ కొడుకే చెప్పాడు. సైకిలు మనల్ని మోయాలి గానీ మనం సైకిల్ని మోయడమేంటి?

పరంధామయ్య: దిగేటప్పుడు అదే మోస్తుంది.

సావిత్రి: దిగేటప్పుడు అంబులెన్సు మోస్తుంది. నీళ్ళు పక్కకి పోవాలని దారికి అడ్డంగా రాళ్ళు పాతుతారు కదా, వాడి ఫోన్లో వీడియో చూశాను. ఒక్కొక్కటీ జానెడు ఎత్తు. ముందు చక్రం దానికి తగిలిందంటే మీరు సైకిలు కంటే ముందు ఇంటికొస్తారు.

పరంధామయ్య: పోనీ పిల్లలు వెళ్ళిన విన్‌లాటర్‌కే పోదాం. అక్కడ రాళ్ళూ గుర్రాలూ గొడవ లేదు, సైకిళ్ళ కోసమే తవ్విన బాటలు. తేలికైతే నీలం, కష్టమైతే ఎరుపు. నీలం ఏడున్నర కిలోమీటర్లు, ఎరుపు పంతొమ్మిది దాకా.

సావిత్రి: మనవాడు ఎరుపు తొక్కి మొన్న మోచెయ్యి చీరుకొచ్చాడు. మీరు నీలానికి పోయినా ఎరుపుతోనే తిరిగొస్తారు. మాట్లాడకుండా కోడలు చెప్పిన రైలుదారికి పదండి. ఇక్కడ్నుంచి త్రెల్కెల్డ్ ఊరికి అయిదు కిలోమీటర్లు. ఒకప్పుడు రైలు పోయిన దారి కాబట్టి ఎక్కినట్టే తెలీదట. కిందనే ఏరు, ఏటిమీద వంతెనలు.

పరంధామయ్య: 1972లో మూసేసిన లైను. 2015 డిసెంబరు తుపానుకి వంతెనలు కొట్టుకుపోయాయి. మళ్ళీ తెరిచేసరికి అయిదేళ్ళు పట్టింది.

సావిత్రి: ఇంత తెలిసినవాళ్ళు ఇంకా కుర్చీలోనే ఉన్నారేం?

పరంధామయ్య: అది చంటిపిల్లల దారే! కొండల్లోకొచ్చి రైలుకట్ట మీద తొక్కానని తణుకులో ఎలా చెప్పను? పైగా కోడలు బుక్ చేసింది మోటారు సైకిళ్ళట. మోటారుంటే అది సైకిలెలా అవుతుంది? లూనా అను.

సావిత్రి: 250 వాట్ల బుల్లి మోటారు. గంటకి పాతిక కిలోమీటర్లు దాటితే అదే ఆగిపోతుంది. తొక్కితేనే సాయం చేస్తుంది, ఊరికే కూర్చుంటే చెయ్యదు. ఈ ఇంట్లో నాలాంటిది కాదు.

(కిటికీ మీద చినుకులు. పరంధామయ్య మొహం వెలిగింది.)

పరంధామయ్య: వాన! ఇంక కుదరదు. ఇక్కడికి దగ్గర్లోనే సీత్‌వైట్ అని ఊరుంది. ఇంగ్లండులో మనుషులుండే ఊళ్ళన్నిటిలోకీ అక్కడే ఎక్కువ వాన. ఏడాదికి 3,500 మిల్లీమీటర్లు. మన గోదావరి జిల్లాలకి దాదాపు మూడు రెట్లు.

సావిత్రి: వాన ఆగాక తొక్కుదామనుకుంటే ఇక్కడివాళ్ళు ఈపాటికి సైకిలే మరిచిపోయేవాళ్ళు. కోటు వేసుకోండి. ఆ చేతిలో ఏంటి?

పరంధామయ్య: కెండాల్ మింట్ కేక్. ఓపిక కోసం. హిల్లరీ, టెన్సింగ్ 1953లో ఎవరెస్టు మీద తిన్నది ఇదే.

సావిత్రి: ఇది ఆసాంతం పంచదారే! వాళ్ళకి షుగరు లేదు, మీకుంది. ఇటివ్వండి. పులిహోర కట్టాను, ఆకలేస్తే అది తిందురు గాని.

పరంధామయ్య: సరే. ఒక్క షరతు. మ్యాపు నా దగ్గరే ఉంటుంది, దారి నేనే చూపిస్తాను.

సావిత్రి: తిన్నగా పోయే రైలుదారిలో దారి చూపించడమేంటండీ?

పరంధామయ్య: ఎందుకైనా మంచిది. ఇంకో మాట. దారిలో గేట్లొస్తే ఎలా ఉన్నవి అలాగే ఉంచాలి. మూసున్నది తీస్తే మళ్ళీ మూసెయ్యాలి. లేకపోతే ఒకరి గొర్రెలు ఇంకొకరి కొండెక్కుతాయి.

సావిత్రి: ఫ్రిజ్ తలుపు ఎప్పుడైనా మూశారా? ఇంగ్లండు గొర్రెలమీద ఎంత శ్రద్ధో!

(ఆమె కోడలు వదిలి వెళ్ళిన సంచీలోంచి నల్లటి నిక్కరొకటి తీసి ఆయన ఒళ్ళో పడేసింది. లోపల అరచేతి మందాన స్పాంజి కుట్టి ఉంది.)

పరంధామయ్య: ఇదేంటి, ఇందులో దిండు పెట్టారు?

సావిత్రి: సీటు గట్టిగా ఉంటుంది. ఇది వేసుకోకపోతే రెండు రోజులు నిలబడి భోంచెయ్యాలట.

పరంధామయ్య: గెజిటెడ్ ఆఫీసర్ల ముందు నిలబడ్డవాణ్ణి! ఇది వేసుకుని ఊరి మధ్యలో నడవాలా?

సావిత్రి: పైన ప్యాంటు తొడుక్కోండి, ఎవరికీ తెలీదు. పావు తక్కువ పదకొండు అయింది.

(ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. తలుపు వెనక ఒంటికాలి మీద గెంతిన చప్పుడు. ఏదో కింద పడింది. తర్వాత కాసేపు ఏమీ వినిపించలేదు.)

పరంధామయ్య: (లోపల్నుంచి) సావిత్రీ! ఇందులో ముందేది, వెనకేది?

సావిత్రి: ముప్పై ఏళ్ళు ఊళ్ళకి హద్దులు పెట్టారు, నిక్కరుకి పెట్టుకోలేరా!