నాలుగు బ్లడ్ గ్రూపులూ ఒక్క రోజులో దొరికినవి కావు

"1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ లాబ్‌లో అనుకోకుండా నాలుగు బ్లడ్ గ్రూపులూ కనిపెట్టాడు. ఆ రోజు నుంచి రక్తం ఎక్కించడం సేఫ్ అయిపోయింది. వెంటనే నోబెల్ వచ్చింది. ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదొక్కటే." ఆయన పుట్టినరోజైన జూన్ 14న, అంటే రక్తదాతల దినోత్సవం నాడు, ఈ పోస్టు ఏటా ఫోన్ల నిండా తిరుగుతుంది. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ దాదాపు యాభై ఏళ్ల పరిశోధనను ఒక్క రోజు అదృష్టం కింద కట్టిపడేయడం ఆయనకు చేసే అన్యాయం.

ముందుగా ఆ "అనుకోకుండా" సంగతి. జంతువుల రక్తం మనిషి రక్తంలో కలిస్తే కణాలు ముద్దకడతాయని 1875 నాటికే లియొనార్డ్ లాండువా చూపించాడు. మనిషి రక్తం మనిషి రక్తంతో కలిసినా అప్పుడప్పుడు అలాగే అవుతుంటే, అది జబ్బు లక్షణమని చాలామంది అనుకునేవారు. లాండ్‌స్టైనర్‌కు అక్కడే అనుమానం వచ్చింది. జాతికీ జాతికీ తేడా ఉన్నప్పుడు, మనిషికీ మనిషికీ చిన్న తేడా ఎందుకు ఉండకూడదు? అందుకే రోగులను వదిలి, తన రక్తమూ వియన్నాలో తనతో పనిచేసే ఆరోగ్యవంతుల రక్తమూ తీసుకున్నాడు. ఒక్కొక్కరి సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవాన్ని, మిగతా అందరి ఎర్రకణాలతో విడివిడిగా కలిపి, ముద్దకట్టిన చోట ప్లస్, కట్టని చోట మైనస్ వేస్తూ పట్టిక గీశాడు. ఎవరి సీరమూ వాళ్ల సొంత కణాలను ముద్దకట్టించలేదు. వేరేవాళ్ల కణాల దగ్గర మాత్రం ప్లస్‌లు ఒక పద్ధతిలో పడ్డాయి. ఆ పద్ధతిని పట్టుకోవడమే ఆయన ఘనత. ఇది అదృష్టమెలా అవుతుంది?

నాలుగు గ్రూపులన్నదీ తప్పే. ఆ పట్టికలో తేలినవి మూడే: ఎ, బి, సి. ఆ సి నే ఇప్పుడు ఓ అంటున్నాం. ఎబి మరుసటి ఏడాది, 1902లో, డెకాస్టెల్లో, స్టుర్లీల పనిలో బయటపడింది. వాళ్ల పేర్లు ఏ పోస్టులోనూ కనబడవు.

ఇక సేఫ్ అయిపోవడం. ఆ పట్టికతో 1901లో అచ్చయిన వ్యాసాన్ని అప్పటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. న్యూయార్క్‌లో ర్యూబెన్ ఒటెన్‌బర్గ్ అనే డాక్టర్ ఎక్కించే ముందు రక్తం సరిపోతుందో లేదో చూడటం మొదలుపెట్టింది 1907లో. అప్పటికీ బయటికి తీసిన రక్తం గడ్డకట్టే సమస్య అలాగే ఉంది. సోడియం సిట్రేట్ కలిపితే గడ్డకట్టదని 1914-15 ప్రాంతంలో తేలాకే రక్తాన్ని సీసాలో పట్టి వాడటం కుదిరింది.

నోబెల్ వచ్చింది 1930లో, దాదాపు మూడు దశాబ్దాల తర్వాత.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది "అదొక్కటే" అన్న మాట. వియన్నాలో 3,600కు పైగా శవపరీక్షలు చేసిన మనిషి ఆయన. పోలియోతో చనిపోయిన బిడ్డ వెన్నుపాము నుంచి కోతులకు ఆ జబ్బును ఎక్కించి, దాని వెనక ఉన్నది బ్యాక్టీరియా కాదని సహచరుడు పోపర్‌తో కలిసి 1908-09లో చూపించాడు. ఆ తర్వాత చేసిన పని ఇంకా లోతైనది. చిన్న చిన్న రసాయన అణువులను ప్రోటీన్‌కు అంటించి జంతువులకు ఇచ్చి, వాటిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఎంత సూక్ష్మమైన తేడాను గుర్తుపడతాయో చూశాడు. ఉంగరంలా ఉండే బెంజీన్ అణువు మీద ఒక చిన్న పరమాణువుల గుంపు పక్క స్థానానికి జరిగినా చాలు, యాంటీబాడీ తేడా పసిగట్టింది. రోగనిరోధక శక్తిని చదివే ఇమ్యునాలజీ రసాయనశాస్త్రం మీద నిలబడింది ఇలాంటి ప్రయోగాల వల్లే.

రక్తం సంగతీ ఆయన వదల్లేదు. న్యూయార్క్‌లో 1927లో సహచరుడు లెవిన్‌తో ఎమ్, ఎన్, పి యాంటిజెన్లు (ఎర్రకణాల మీద యాంటీబాడీలు గుర్తుపట్టే గుర్తులు), డెబ్బై దాటాక 1940లో మరో సహచరుడు వీనర్‌తో ఆర్‌హెచ్, అంటే గ్రూపు పక్కన రాసే పాజిటివ్, నెగటివ్, కనిపెట్టాడు. రీసస్ కోతి కణాలతో తయారైన సీరం సుమారు 85 శాతం మంది రక్తాన్ని ముద్దకట్టించింది. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి: ఆ సీరం గుర్తించింది అచ్చంగా ఆర్‌హెచ్‌ను కాదని, పక్కనే ఉండే మరో యాంటిజెన్‌నని తర్వాత తేలింది. దానికి ఇద్దరి పేర్ల మీద ఎల్‌డబ్ల్యు అని పెట్టారు. కానీ ఎక్కించిన రక్తం ఎందుకు వికటిస్తోందో, కొందరు తల్లుల కడుపులోని బిడ్డలు ఎందుకు చనిపోతున్నారో లెవిన్ 1939లో వేసిన ప్రశ్నకు జవాబు దొరికే దారి ఆ పనితోనే తెరుచుకుంది. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లులకు బిడ్డలకు ఆ ముప్పు రాకుండా ఈరోజు ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ ఆ దారిలో వచ్చిందే.