శేషాచలం పాదాల దగ్గరి జూకు ఇంకో పులి ఎన్‌క్లోజర్ ఎందుకు అక్కర్లేదు

తిరుపతి, చిత్తూరు జూ అభిమానుల మధ్య కొంతకాలంగా ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "జూ అంటే పులి, సింహం. వాటికి కొత్తగా, విశాలంగా ఎన్‌క్లోజర్లు కడితేనే జనం వస్తారు. ఆ టికెట్ డబ్బుతోనే మిగతా జంతువులు బతుకుతాయి. స్థలం పెరిగితే పులి సుఖంగా ఉంటుంది. జూలలో పెంచబట్టే మన దేశంలో పులి మిగిలింది. పునుగు పిల్లి, దేవాంగ పిల్లి లాంటివాటిని ఎవరూ చూడరు, ఎలాగూ పక్క అడవిలో ఉన్నాయి, వాటి మీద పెట్టే ఖర్చు దండగ."

దీన్ని పంపేవాళ్లు జంతువుల మీద ప్రేమతోనే పంపుతున్నారు. వాళ్లలో చాలామంది నాకు తెలిసినవాళ్లే. అందుకే కోపంతో కొట్టిపారేయకుండా ఒక్కో మాటనూ పట్టుకుని జవాబు చెబుతున్నాను. ఇందులో ఒకటి సగం నిజం. మిగిలినవి నిలబడవు.

"పులి, సింహం లేకపోతే జనం రారు"

సగం నిజమన్నది ఈ మాటే. శ్రీవారి దర్శనం చేసుకుని కొండ దిగిన కుటుంబాలు జూ గేటు దగ్గర మొదట అడిగేది పులి ఎక్కడుందనే. కానీ ఆ పులులు, సింహాలు శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో ఇప్పటికే ఉన్నాయి. ఉన్నవాటిని తీసేయమని ఎవరూ అనడం లేదు. ఇకపై పెట్టబోయే డబ్బు ఎటు పోవాలన్నదే ప్రశ్న.

పెద్ద పులి రోజుకు ఎనిమిది, పది కిలోల మాంసం తింటుంది. జూలో పదిహేనేళ్లకు పైగా బతుకుతుంది. ఎన్‌క్లోజర్ కట్టడానికి నిధులో విరాళమో ఒకసారి వస్తుంది, మాంసం మాత్రం రోజూ కొనాలి. కాబట్టి కొత్తగా వచ్చే ప్రతి పెద్ద జంతువూ దాదాపు రెండు దశాబ్దాల ఖర్చును వెంటబెట్టుకుని వస్తుంది. పులి సంపాదించి పునుగు పిల్లిని పోషిస్తుందని చెప్పేవాళ్లు ఈ లెక్క ఎక్కడా చూపించరు.

వచ్చినవాళ్లు చూసేదేమిటి? వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరు మనది. సింహం రోజుకు ఇరవై గంటల దాకా విశ్రాంతిలో గడిపే జంతువు. మధ్యాహ్నం పూట కందకం ఇవతల నిలబడినవాళ్లకు దూరంగా చెట్టు నీడలో ఒక చెవి, తోక చివరి కుచ్చు కనిపిస్తాయి. లేపడానికి ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు, కీపరు వచ్చి వారిస్తాడు. రెండు నిమిషాల్లో గుంపు కదిలిపోతుంది. ఎన్‌క్లోజర్ మూడింతలైతే ఆ చెవి ఇంకాస్త దూరం జరుగుతుంది, అంతే.

"స్థలం పెరిగితే పులి సుఖంగా ఉంటుంది"

దేశంలోని జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ నిబంధనల్లో పులుల జంటకు ఆరుబయట కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలని ఉంది. అదే నిబంధనల్లో పులి తిని పడుకునే గదికి చెప్పిన కనీస కొలత చూడండి: పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 1.80 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. సందర్శకులు వెళ్లిపోయాక సాయంత్రం పులిని లోపలికి పిలిచి తలుపు వేస్తే, మళ్లీ తెరిచేది మరునాటి ఉదయమే. పులి సహజంగా చురుగ్గా తిరిగే వేళంతా ఆ గదిలోనే గడిచిపోతుంది. మనం ఫోటో తీసే పచ్చిక ఎంత విశాలమైనా ఆ గది గోడలు జరగవు. ఈ సందేశం పంపినవాళ్లలో ఎంతమంది ఆ గది గురించి అడిగారు?

2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బంధనంలో అంత ఎక్కువగా అటూ ఇటూ పిచ్చిగా తిరుగుతుందని తేల్చారు. ధ్రువపు ఎలుగుబంటికి జూలు ఇచ్చే స్థలం అది అడవిలో తిరిగే కనీస పరిధిలో పది లక్షల్లో ఒక వంతు మాత్రమేనట. ఇంకో ఎకరం కలిపినంత మాత్రాన పూడే తేడా కాదిది.

ఏ జూలోనైనా చిరుత ఎన్‌క్లోజర్ దగ్గర కాసేపు ఓపికగా నిలబడి నేలను చూడండి. కంచె వెంబడి జానెడు వెడల్పున ఒక దారి నున్నగా అరిగి ఉంటే, అక్కడ గడ్డి మొలవకపోతే, జంతువు మూలకు వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే పాదం మోపి వెనక్కి తిరుగుతుంటే, దాని మనసు బాగా లేదని అర్థం. దీనికి కావలసింది ఎక్కడానికి ఎత్తైన మంచెలు, దిగడానికి నీళ్లు, వెతుక్కుని తినేలా దాచిన మాంసం, కొత్త వాసనలు, మన కంటికి కనబడకుండా తప్పుకోవడానికి చాటు. వీటికి కోట్లు అక్కర్లేదు. శ్రద్ధ ఉన్న కీపర్లు, వాళ్లకు సరిపడా సమయం ఉంటే చాలు. శంకుస్థాపన చేయడానికి రాయి ఉండదు కాబట్టి ఇలాంటి పనులు వెనకపడతాయి.

"జూలలో పెంచబట్టే పులి మిగిలింది"

ఇది పూర్తిగా తప్పు. ఇంత సులభంగా చేతులు మారుతున్నందుకు నాకు ఎక్కువ బాధ కలిగించే మాట కూడా ఇదే.

దేశంలో 2006 లెక్కల ప్రకారం 1,411 పులులు ఉండేవి. 2022 అంచనాలో ఆ సంఖ్య 3,682కు చేరింది. ఆ పెరుగుదల 1973లో మొదలైన ప్రాజెక్ట్ టైగర్ ది, అభయారణ్యాలది, రాత్రింబవళ్లు కాపలా తిరిగిన అటవీ సిబ్బందిది, ఊళ్లు వదిలి వచ్చిన అడవి ప్రజలది. జూలో పుట్టిన పులులు అడవికి వెళ్లి పెంచిన సంఖ్య కాదు అది. తెల్లపులి సంగతి మరీ స్పష్టం. అది ప్రత్యేక జాతి కాదు. ప్రధానంగా 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవాలో పట్టిన మోహన్ అనే ఒక్క పులి నుంచి, దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టిస్తూ వచ్చిన సంతానం. మెల్లకన్ను లాంటి లోపాలు ఆ వెంటే వచ్చాయి. అమెరికాలోని జూల సంఘం 2011లోనే తెల్లపులుల కోసం జత కట్టించడాన్ని తన సభ్యులకు నిషేధించింది.

సింహాల విషయంలో మన ఊరి చరిత్ర తెలుసుకోవాలి. సర్కస్‌లలో పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతుల ప్రదర్శనను 1998లో కేంద్రం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా విడిపించిన జంతువులకు ఆశ్రయం ఇచ్చిన కేంద్రాల్లో తిరుపతి ఒకటి. సర్కస్ సింహాల్లో ఆఫ్రికా, ఆసియా రక్తాలు కలిసిపోయాయి కాబట్టి వాటికి సంతానం వద్దనుకున్నారు. ఆ ముసలి జంతువులను చివరిదాకా ప్రేమగా చూసుకోవడం మన బాధ్యత. అలాగే 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకున్న తరువాత బోన్లలో చిక్కిన చిరుతల్లో కొన్ని జూకే చేరాయి. అలాంటివాటికి జనం కంట పడని మంచి గదులు కావాలి. ఈ రెండింటి కోసం ఎంత అడిగినా నేను అడిగేవాళ్ల వెంటే నిలబడతాను. ఇవి సేవ, ప్రదర్శన కోసం కట్టే కొత్త ఎన్‌క్లోజర్ వేరు.

జూలూ, పెంపక కేంద్రాలూ నిజంగా అడవికి తిరిగి ఇచ్చిన జంతువులు వేరే ఉన్నాయి. 1975లో మొదలైన పథకంతో ఘరియల్ మొసళ్లను పెంచి నదుల్లో వదిలారు. అస్సాంలో 1996లో పట్టిన కొద్దిపాటి పిగ్మీ పందుల సంతానాన్ని మళ్లీ గడ్డిభూములకు పంపారు. హరియాణాలోని పింజోర్‌లో రాబందులను పెంచుతున్నారు. హైదరాబాద్ నెహ్రూ జూలో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టి, పెరిగినవాటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. మూడు కిలోల జింక అది. విశాఖ జూ రేచుకుక్కల (అడవి కుక్కల) పెంపకం చేపట్టింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో రేచుకుక్కదీ పులిదీ ఒకే ముప్పు స్థాయి. దాని కోసం ఎన్‌క్లోజర్ అడుగుతూ ఎవరైనా సందేశం పంపారా?

"చిన్న జంతువులను ఎవరూ చూడరు, ఎలాగూ పక్క అడవిలో ఉన్నాయి"

శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారికి పునుగు తైలం పూస్తారని తిరుపతిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తైలాన్ని ఇచ్చే పునుగు పిల్లి ఎలా ఉంటుందో చెప్పమంటే పెద్దవాళ్లు కూడా తడబడతారు. బూడిదరంగు ఒంటి మీద వరసగా మచ్చలు, తోక నిండా నల్లని వలయాలు, ముందుకు సాగిన సన్నని మూతి. ఇంతటి ఆసక్తి ఊరంతా సిద్ధంగా ఉండగా, ఎవరూ చూడరని ఎలా అంటారు?

దేవాంగ పిల్లి అసలు పిల్లే కాదు, కోతులకు దూరపు చుట్టం. గుప్పెట్లో ఇమిడే ఒళ్లు, ముఖంలో సగం కళ్లే. చీకట్లో కొమ్మ మీద నడుస్తుంటే ఒక్క ఆకు కదలదు. ముందు ఒక చేయి చాచి కొమ్మను పిడికిలితో పట్టుకుంటుంది, ఆ పట్టు కుదిరాకే వెనక కాలు వదులుతుంది. పురుగు కనబడిన క్షణంలో మాత్రం రెండు చేతులూ మెరుపులా వెళతాయి. దీన్ని ఒక్కసారి చూసిన పిల్లవాడు మరచిపోడు. తెలియనివాళ్లేమో చేతబడి పేరుతో దీన్ని పట్టి చంపుతున్నారు. అడవి పక్కనే ఉన్నంత మాత్రాన దానికి రక్షణ దొరకలేదు.

రాత్రి జీవులను పగలు చూపించడం ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి. రాత్రంతా శాలలో దీపాలు వెలిగించి, పగలు మసక వెలుతురు ఉంచితే జంతువులు పగటినే రాత్రి అనుకుని తిరుగుతాయి. నెహ్రూ జూలో అలాంటి శాల ఏళ్లుగా ఉంది.

అన్నిటినీ తెచ్చి పెట్టాలని నేను అనను. ఒంటినిండా పొలుసులుండే అలుగు అనే జంతువు చీమలు, చెదలు తిని బతుకుతుంది, దాన్ని బంధనంలో నిలబెట్టడం చాలా కష్టం. దాన్ని ప్రదర్శన కోసం అడగడం తప్పు. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ వర్ణించిన బంగారు బల్లిని కూడా తడి బండల నుంచి తీయనక్కర్లేదు. కంచిలో బల్లి బొమ్మను తాకడానికి వరసలో నిలబడే మనకు, పసుపు మెరుపుతో ఉండే నిజమైన బల్లి మన తిరుమల రాళ్ల సందుల్లోనే గుడ్లు అతికిస్తుందని చెప్పే ఒక మంచి ఫలకం చాలు.

1987లో మొదలైన ఈ జూ విస్తీర్ణం 5,532 ఎకరాలు. వెనకే 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం. స్థలం కొదవ ఎన్నడూ లేదు. కొత్త పులి ఎన్‌క్లోజర్ కోసం వినతిపత్రం రాస్తున్న మిత్రులారా, అందులో మూడు కోరికలు మార్చి రాయండి: పులులు, చిరుతల రాత్రి గదులు విశాలం చేయాలి, పట్టుబడిన చిరుతలకు జనం చూపు పడని చోటు ఉండాలి, దేవాంగ పిల్లికీ పునుగు పిల్లికీ ఒక చీకటి శాల కట్టాలి. కింద నా సంతకం కూడా పెడతాను.