సిగరెట్టు పోయింది, వేప్ ఎన్నాళ్లు?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసేవాడు, దుబాయ్‌లో వెల్డింగ్ పనికి వెళ్లినవాడు, ఓడల మీద తిరిగే సీమన్... పండక్కి ఇచ్ఛాపురమో, సోంపేటో, రాజామో వచ్చారంటే జేబులో సిగరెట్టు పెట్టె బదులు వేలెడంత వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్టు, ఒకటి కనబడుతోంది. "ఏటవుద్ది బావా, ఇది పొగ కాదు, ఉత్త ఆవిరి" అనేది మొదటి మాట. కాసేపు కూర్చుంటే రెండో మాట వస్తుంది. "సిగరెట్టయితే మానీసినాను. ఇది ఇలాగే లాక్కుంటూ పోతే ఇరవయ్యేళ్లకి ఏటవుతాది?"

మొదటి మాటకు జవాబు చెప్పడం తేలిక. అది ఉత్త ఆవిరి కాదు. ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఫ్లేవర్లు కలిపిన ద్రవాన్ని సన్నటి లోహపు తీగచుట్ట వేడిచేస్తే తేలే తుంపర అది. తీగ బాగా వేడెక్కినప్పుడు, లోపలి దూది ఆరిపోయి గొంతులో మాడు రుచి తగిలినప్పుడు, ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి ఎక్కువగా పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం, సీసం కూడా కొద్దికొద్దిగా వస్తాయి. చిక్కంతా రెండో ప్రశ్నతోనే. ఇరవై, ముప్పయ్యేళ్ల లెక్క ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు మనం చూస్తున్న ఈ-సిగరెట్టును చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ తయారుచేసింది 2003లో. సిగరెట్టు సంగతి పూర్తిగా తేలడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో డాక్టర్ల అలవాట్లు రాసుకోవడం మొదలుపెట్టారు. పొగ తాగేవాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారని ఆ అధ్యయనం యాభయ్యేళ్ల లెక్క తీసి చెప్పింది 2004లో.

తేలలేదు అంటే ఏమీ లేదని అనుకోవడం మనిషికి సహజం. మన జిల్లాల్లో మాత్రం అలా అనుకోకూడదు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అందుకని అక్కడ జబ్బు లేదని ఎవరైనా అంటారా?

దానికంటే దగ్గరి సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది. అడ్డపొగ. ఈ తీరపు పల్లెల్లో పెద్దవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి, పెదాలు బిగించి, ఊపిరి తీసే తీరులోనే నిప్పు ఆరకుండా చూసుకుంటూ గంటలకొద్దీ పని చేసుకునే ఆడవాళ్లు. గాలికి నిప్పు ఆరదు, నిప్పురవ్వ చంకలో పిల్ల మీద పడదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. నిప్పు బయట లేదు కాబట్టి చూసేవాళ్లకు ప్రమాదమే కనబడదు. తరాలకు తరాలు అలా నడిచింది.

అంగిలికి ఏమవుతోందో బయటపడటానికి విశాఖ వైద్యులు 1950ల్లో అంగిలి క్యాన్సర్ల మీద రాయాల్సి వచ్చింది. తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్లు, డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి, ఊళ్లకే వచ్చి నోళ్లు పరీక్షించారు. ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లెజనాన్ని చూసిన సర్వేలో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పుల మీద 1971లో అచ్చయిన పరిశోధన 10,169 మందిని చూసి రాసింది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో, కాబట్టి అప్పటి శ్రీకాకుళం జిల్లా అంటే నేటి విజయనగరంలో కొంత కూడా. పొగాకు వాడేవాళ్ల చేత మానిపిస్తే ఏమవుతుందో చూడటానికి ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు మళ్లీ ఇక్కడికే వచ్చారు. 36,000 మందితో చేసిన ఆ పని 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానినవాళ్లలో నోటి తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది.

వేప్ అడ్డపొగతో సమానమని నేను అనడం లేదు. నిప్పు పక్కనే అంగిలి ఉండటం వేరు, తుంపర పీల్చడం వేరు. కళ్లకు ఏమీ కనబడనంత మాత్రాన ఒక అలవాటుకు మంచి సర్టిఫికెట్ ఇవ్వలేమని, శరీరం తన లెక్క చాలా ఆలస్యంగా చెబుతుందని ఈ నేలకు తెలిసినంతగా మరోచోట తెలియదు. మానితే లాభం ఉంటుందన్నదీ మన ఊళ్ల నోళ్లలోనే రుజువైంది.

వేప్ పట్టుకున్న మిత్రులు ఎక్కువగా చెప్పే అంకె ఒకటుంది. సిగరెట్టు కంటే 95 శాతం తక్కువ హాని. 2015లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ఆ మాట అన్నది నిజమే. అయితే అది ఇరవయ్యేళ్లు మనుషుల్ని గమనించి తీసిన అంకె కాదు, నిపుణులు కూర్చుని వేసిన అంచనా. దిశ సరైనదే. సిగరెట్టు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే, వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. ఆకు కాలడం లేదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ బెడద వేప్‌లో ఉండదు. కాబట్టి సిగరెట్టు వదిలి పూర్తిగా వేప్‌కి మారినవాడు తెలివితక్కువ పని చేశాడని నేనను. మళ్లీ సిగరెట్టుకు వెళ్లమని ఎవరైనా చెబితే అది మూర్ఖత్వం.

అక్కడే ఉండిపోవడం మీదే నా అభ్యంతరం. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌ను వేప్ మద్దతుదారులు గర్వంగా చూపిస్తారు. 886 మందిలో వేప్ ఇచ్చినవాళ్లలో ఏడాది తర్వాత 18 శాతం సిగరెట్టుకు దూరంగా ఉన్నారు, నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి వాడినవాళ్లలో 9.9 శాతమే. దాదాపు రెట్టింపు. ఆ కాగితంలోనే ఇంకో వరుస ఉంది. అలా మానగలిగినవాళ్లలో వేప్ గుంపులో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ లాగుతూనే ఉన్నారు. గమ్, ప్యాచ్ గుంపులో ఇంకా వాటినే పట్టుకుని ఉన్నవాళ్లు 9 శాతం. రేవు దాటించిన పడవను దిగకుండా నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగినట్టుంది. నికోటిన్ క్యాన్సర్‌కి ప్రధాన కారణం కాకపోవచ్చు గాని, గుండె వేగం, బీపీ పెంచుతుంది, అన్నిటికంటే మించి వదలనివ్వదు. సిగరెట్టయితే ఒకటి అయిపోయాక ఆగాలి, బయటికి వెళ్లాలి. వేప్‌కి ఆ ఆటంకం లేదు. మంచం మీద, బాత్రూంలో, బైక్ ఆపిన సిగ్నల్ దగ్గర, ఎక్కడైనా ఒక దమ్ము.

ఇక హాని లెక్కల్లో ఉన్న ఇబ్బంది. ఏళ్ల తరబడి వేప్ లాగే పెద్దవాళ్లలో చాలామంది పాత సిగరెట్టు మనుషులే. రేపు ఆయాసం వస్తే అది పాత పదిహేనేళ్ల సిగరెట్టుదా, కొత్త పదేళ్ల వేప్‌దా? 2024లో దక్షిణ కొరియా పరిశోధకులు 43 లక్షల మందికి పైగా రికార్డులు చూసి, సిగరెట్టు మానేసి వేప్ వాడినవాళ్లలో, ఏదీ వాడకుండా మానినవాళ్ల కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనబడిందని ఒక వైద్య సదస్సులో చెప్పారు. దీన్ని తుది తీర్పుగా తీసుకోను. వేప్ అవసరమైనవాళ్లు మొదటి నుంచీ ఎక్కువ సిగరెట్లు తాగినవాళ్లయి ఉండొచ్చు. కాని అడగాల్సిన పోలిక ఇదే. మానేసినవాడు తనను పోల్చుకోవాల్సింది నిన్నటి సిగరెట్టుతో కాదు, ఏదీ లాగని పక్కింటివాడితో.

వాట్సాప్‌లో తిరిగే అమెరికా భయం కథల మీద రెండు మాటలు. 2019 నుంచి 2020 ఫిబ్రవరి దాకా అక్కడ వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రుల్లో చేరారు లేదా చనిపోయారు, మరణాలు 68. ప్రధాన కారణం గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అని తేలింది. మామూలు నికోటిన్ వేప్‌కి ఆ కథ అంటగట్టడం నిజాయితీ కాదు. దొంగ మార్కెట్ సరుకులో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదన్న పాఠం మాత్రం మనకు సరిగ్గా వర్తిస్తుంది. ఎందుకంటే మన దగ్గర ఉన్నదంతా దొంగ మార్కెట్టే. ఈ-సిగరెట్లను నిషేధిస్తూ 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో చట్టం. అమ్మితే, దిగుమతి చేస్తే మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, ప్రతి సరుకూ నమోదు కావాలి. ఆ దేశపు 95 శాతం అంకెను లేబుల్ నమ్మలేని మన డబ్బాకు అతికించడం కుదరదు. నికోటిన్ మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వద్దామన్నా, అసలు మోతాదు ఎంతో తెలిస్తే కదా!

చట్టం మీదా నాకు గొణుగుడు ఉంది. సిగరెట్టు, చుట్ట ప్రతి కిళ్లీ బడ్డీలో దొరుకుతాయి. వాటిని మానాలనుకునేవాడికి ఏం చూపిస్తున్నాం? పెట్టెల మీద అచ్చేసే 1800-11-2356 అనే క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు, ఉంది, తెలుగులో మాట్లాడతారు. మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. ఇవి చట్టబద్ధమైనవి, మోతాదు తెలిసినవి, తగ్గించుకుంటూ వచ్చే వీలున్నవి. వేప్ నుంచి దిగడానికీ పనికొస్తాయి. కాని ఊళ్లో ఎంతమందికి చెప్పారు? సిగరెట్టూ వేపూ రెండూ నడిపేవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. రోజుకు ఒక్క సిగరెట్టే అన్నా, ఇరవై తాగేవాడి అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం మిగిలే ఉంటుందని 2018లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన పరిశోధన చెప్పింది. అంటే "బాగా తగ్గించేశాను" అనే తృప్తి గుండెకు పెద్దగా చేరదు.

మొత్తానికి మారినవాడికి నేను చెప్పేది ఒక్కటే. వేప్‌కి ఒక ఆఖరి తేదీ పెట్టుకో. తేదీ లేకుండా మొదలుపెట్టిన చికిత్స ఏదైనా అలవాటుగా మారుతుంది.

ప్రభుత్వానికి చెప్పాల్సింది ఇంకా చిన్నది. ముప్పయ్యేళ్లు దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తలు తీసుకొచ్చే ఫారంలో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వాడతారా అన్న ప్రశ్న ఉంది. వేప్ లాగేవాడు దానికి నిజాయితీగానే "లేదు" అంటాడు, తను మానేశాడు కదా. నిషేధం ఉంది కాబట్టి అసలు సంగతి తనంతట తాను చెప్పడు. డాక్టరు కాగితంలో అతను పొగ తాగనివాడుగా మిగిలిపోతాడు. ఆ ఫారంలో ఒక ప్రశ్న చేర్చండి, చెప్పినవాడి మీద కేసు ఉండదని ముందే చెప్పి అడగండి. ఇదే జిల్లాలో అరవయ్యేళ్ల కిందట పల్లె పల్లెకూ తిరిగి వేల నోళ్లు తెరిపించి చూశారు.